కొత్త కోడలు ముట్టని కూర

పోస్ట్‌మన్ ఎల్లాజీ ఆ కవరును ఇంకా ఎవరి చేతికీ ఇవ్వలేదు. వీధి మొదట్లోనే సైకిల్ దిగి, నడిపించుకుంటూ, గడప గడపకూ ఆగి, కవరు మీది రైల్వే ముద్ర చూపిస్తూ, సూరయ్య కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చిందని చెబుతూ వచ్చాడు. అందువల్ల కబురు సూరయ్య ఇంటికి చేరేసరికి, అది తెలియని వాళ్లు ఊళ్లో సూరయ్య ఇంటివాళ్లే మిగిలారు.

సూరయ్య కొడుకు జగన్నాధం కవరు చింపి చదివాడు. కొత్తవలస స్టేషన్‌లో గుమాస్తా. సోమవారం చేరాలి. ఉండటానికి రెండు గదుల క్వార్టరు ఇస్తారు. అతని తల్లి అసిరమ్మ పరుగున బెల్లం తెచ్చి కొడుకు నోట్లో పెట్టింది, ఎల్లాజీ నోట్లో పెట్టింది. తర్వాత తలుపు వెనకాల నిలబడ్డ కొత్త కోడలు నీలవేణి దగ్గరకు వచ్చి ఆమె నోట్లోనూ ఒక ముక్క పెట్టింది. అత్తగారి వేళ్లకు పసుపూ పొగా కలిసిన వాసన ఉంది. నీలవేణికి ఆ వాసన కూడా బాగుంది. అసలు ఆ ఉదయం ఆమెకు బాగులేనిదంటూ లేదు.

వైశాఖంలో పెళ్లయింది. ఆషాఢమంతా విజయనగరంలో పుట్టింట్లో ఉండి, శ్రావణం రాగానే రాజాం దగ్గరి ఈ ఊరికి తిరిగి వచ్చింది. బి.ఏ. చదివిన పిల్ల కదా, రెండు గదుల్లో ఏయే సామాను ఎక్కడ సర్దాలో నిలబడ్డచోటే ఆలోచించేసింది. కిటికీలోంచి గూడ్సు బండ్లు కనిపిస్తాయి. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆ కిటికీ దగ్గరే నిలబడాలి. కర్ర స్టూలు ఒకటి కొనాలి.

అప్పుడు గుర్తొచ్చింది మొక్కు.

పుట్టింటి నుంచి బయల్దేరే ముందు పైడితల్లి గుడిలో ఆమె ఒక మాట ఇచ్చింది. ఆయనకు ఉద్యోగం వస్తే, వచ్చిన రోజు నుంచి మళ్లీ తల్లి దర్శనం చేసుకునే వరకూ నోరూరించే కూర ఏదీ ముట్టనని. తీర్చేదాకా మొక్కును బయటికి చెప్పకూడదు, చెబితే ఇచ్చింది వెనక్కి పోతుందని వాళ్లమ్మ మరీ మరీ చెప్పింది. బెల్లం కూర కాదు కాబట్టి ఇబ్బంది లేదు. అత్తవారింట్లో రోజూ ఉండేది ఆనపకాయే కాబట్టి మొక్కు కూడా పెద్ద కష్టమేమీ కాదనుకుంది.

అలా అనుకుంటూ ఉండగానే గున్నమ్మ తట్టతో దిగింది. సూరయ్యకు అప్ప, జగన్నాధానికి మేనత్త. తట్ట మీద తామరాకు తీసేసరికి, తెల్లగా, బొద్దుగా, మట్టి కూడా ఆరని పుట్టగొడుగులు. రాత్రి ఉరుములకు కొండ కింద పుట్ట మీద పొడిచాయట. ఆ పుట్ట ఎక్కడుందో గున్నమ్మ కన్నకూతురికే చెప్పలేదు. మేనల్లుడి ఉద్యోగం కబురు దారిలో విని తట్ట మొత్తం ఇక్కడికే తెచ్చేసింది. నిజానికి ఆ మేనల్లుణ్ణి కూతురికి చేసుకోవాలని ఆవిడ పదేళ్లు చూసింది. కూతురు కోటబొమ్మాళి కుర్రాణ్ణి చేసుకుంటానని పట్టుబట్టడంతో ఊరుకుంది. ఊరు మాత్రం ఆ సంగతి మర్చిపోలేదు.

వంట నీలవేణే చేసింది. ఉల్లిపాయలు వేగాయి. ఎండుమిరప, వెల్లుల్లి, చివర్న వేయించిన నువ్వుల పొడి. మూత తీసినప్పుడల్లా వచ్చే ఆవిరికి ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. తిప్పుకుని గుటక వేసేది. పైడితల్లికి తనను ఇంత త్వరగా పరీక్షించాలని ఎందుకు అనిపించిందో ఆమెకు అంతు పట్టలేదు.

మొదటి బంతిలో సూరయ్య, జగన్నాధం, పెద్ద మనిషి కాబట్టి గున్నమ్మా కూర్చున్నారు. ముగ్గురూ మాట్లాడకుండా తిన్నారంటే కూర ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత అత్తా కోడళ్లు కూర్చున్నారు. నీలవేణి తన విస్తట్లో చారు మాత్రమే పోసుకుంది. అసిరమ్మ అది చూసింది.

పెరట్లో ఆ సమయంలో ఇంకొకటి జరుగుతోంది. భోజనం కాగానే గున్నమ్మ వెనక అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది. ఆ వైపు పెద్దావిడలందరిలాగే ఆవిడదీ అడ్డపొగ. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ప్రయాణానికి మంచి వేళ చూద్దాం రమ్మని సూరయ్య పిలిస్తే, చుట్టను అరుగు అంచున ఉంచి లోపలికి వెళ్లింది. జగన్నాధం ఆ చుట్టను చూశాడు. అంత నిప్పు నోట్లో పెట్టుకుని అత్త కాలకుండా ఎలా మాట్లాడుతుందా అని అతనికి చిన్నప్పటి నుంచీ సందేహం. ఈ రోజు అతను సర్కారు ఉద్యోగి. పొగాకు ముట్టనని పెళ్లప్పుడు నీలవేణికి మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చింది గానీ, ఇది సరదాకు తాగడం కాదు, తెలుసుకోవడం అని సర్ది చెప్పుకున్నాడు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

నాలుక చుర్రుమంది. పొగంతా కడుపులోకి పోయింది. చుట్టను కుడితి తొట్టిలోకి విసిరి, పశువుల సాల గుంజ పట్టుకుని, తిన్నదంతా కక్కేశాడు.

లోపల అసిరమ్మ మొదటి ముద్ద అప్పుడే చేతిలోకి తీసుకుంది. ముద్ద వదిలేసి పరుగెత్తింది. అందరూ వెళ్లేసరికి జగన్నాధం మొహం సున్నంలా పాలిపోయి, చెమటలు కారుతూ, నేల మీద ఉన్నాడు. మాట్లాడమంటే నాలుక తిరగడం లేదు.

"ఓలమ్మో, ఇసం," అంది గున్నమ్మ. "కుంకుళ్లు కొట్టండి బేగి."

కుంకుడు రసం పుచ్చుకుంటే కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఒక చెంబుడు తీసి పోశారు. నోరు స్వాధీనంలోకి రాగానే జగన్నాధం నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో గున్నమ్మ ఇంకో గ్లాసు పోసింది. మళ్లీ కాస్త తేరుకుని తెరిచాడు, మళ్లీ పోసింది. అతను ఎంత చెప్పాలనుకుంటే అంత రసం లోపలికి వెళ్లింది. నురగ బయటికి వచ్చింది. నురగ చూసి, అది విషమేనని ఇంటివాళ్లకు రూఢి అయిపోయింది.

అదే కూర తిన్నాం కదా అని సూరయ్య ముందు జాగ్రత్తగా ఒక గ్లాసు తాగాడు. తమ్ముడు తాగాడని గున్నమ్మా తాగింది. ఇద్దరూ చెరో గోడ పట్టుకున్నారు. తిన్న ముగ్గురూ పడిపోయారన్న మాట వీధిలోకి పాకింది. వీధి మొత్తం పెరట్లోకి వచ్చింది.

పక్క ఊరి నుంచి జ్ఞానానందం సైకిల్ మీద వచ్చాడు. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, ఇప్పుడు ఆ చుట్టుపక్కలకంతా డాక్టరు. ముగ్గురి నాడీ చూసి, ముగ్గురూ ఇంకా బతికే ఉన్నారని చెప్పాడు. ఆ తర్వాత, తెలియక తిన్నారో తెలిసి ఎవరైనా పెట్టారో తేలాలి, విషం కేసు కాబట్టి మునసబుకు కబురు పెట్టాలి అన్నాడు. అంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన అది.

ఊరు వెంటనే రెండయింది. మేనరికం తప్పిపోయిన గున్నమ్మే ఏరి కోరి చావుగొడుగులు తెచ్చిందని ఒక పక్షం. తెచ్చినావిడ తానే తిని పడిపోతే ఎలా కుదురుతుందని రెండో పక్షం. ఆ రెండో పక్షానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. కొత్త కోడలు ఒక్కర్తే కూర ముట్టలేదన్న సంగతి ఎవరి నోటి నుంచి వచ్చిందో గానీ, వచ్చింది. కాలేజీలో మందులూ విషాలూ కూడా నేర్పిస్తారట అన్నారొకరు. నీలవేణి చదివింది చరిత్ర. అందులోనూ విషం పెట్టినవాళ్లు తక్కువేమీ కాదని ఆమెకే గుర్తొచ్చి ఇంకా భయమేసింది.

గోడ పట్టుకునే గున్నమ్మ అడిగింది. "ఒసే, అందరం తిన్నాం. నువ్వెందుకు తిన్లేదే?"

"ఆకలి లేదండి."

"ఆకలి లేనిది సారన్నం ఎలగ తిన్నావు?"

నీలవేణి పెదవులు కదిలాయి. మొక్కు సంగతి చెబితే తన మీద పడ్డ నింద పోతుంది. కానీ దానితోపాటు ఉద్యోగమూ పోతుంది, ఒకవేళ మనిషే పోతాడేమో. చెప్పకపోతే మునసబు వస్తాడు. నేల మీద పడుకున్న భర్త వైపు చూసింది. ఆయన బతికితే చాలు, కొత్తవలసకు ఎవరిని తీసుకువెళ్లినా సరే అనుకుంది. నోరు మూసుకుంది. ఆమె చెప్పకపోవడం జనానికి చెప్పినట్టే అనిపించింది. మునసబును తీసుకురావడానికి ఇద్దరు బయల్దేరారు.

"ఆగండర్రా," అంది అసిరమ్మ.

ఇంట్లోకి వెళ్లి కూర గిన్నె తెచ్చింది. పెరటి మధ్యలో, అందరికీ కనబడేలా, చతికిలబడి కూర్చుంది. అన్నం తెమ్మని కోడలికి చెప్పింది. నీలవేణి కదల్లేదు. తానే వెళ్లి తెచ్చుకుంది. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించింది.

"నా కోడలు వండినాది. నాను తింతాను. ఆ తరవాత మీకు నచ్చినోణ్ణి పిలుసుకోండి."

తింది. ఏ తొందరా లేకుండా, గిన్నె అడుగు కూడా వేలితో తుడిచి తింది. జ్ఞానానందం ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. నీలవేణి రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆ దణ్ణం పైడితల్లికి పెట్టిందో అత్తగారికి పెట్టిందో ఆమెకే తెలియలేదు. చాలాసేపయ్యాక అసిరమ్మ చెయ్యి లాక్కుని, నువ్వుల పొడి ఇంకాస్త పడాలంది.

అంతవరకూ ఇంకో గ్లాసు ఎవరూ పొయ్యకపోవడంతో జగన్నాధం లేచి కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి, నాలుక మంటకు చేత్తో నోరు మూసుకున్నాడు. గున్నమ్మకు అది వింతగా తోచింది. దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని, నోరు తెరిపించింది. నాలుక మీద అణాకాసంత గుండ్రటి బొబ్బ. ఆవిడ దాన్ని చూసింది, ఖాళీగా ఉన్న అరుగు అంచు చూసింది, మళ్లీ బొబ్బ చూసింది.

"సుట్ట," అంది. "నాను నేర్సుకున్నప్పుడు నాకూ ఇక్కడే కాలినాది. ఒరే, నా సుట్టేదిరా?"

జగన్నాధం కుడితి తొట్టి వైపు వేలు చూపించాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇళ్లలో పనులు గుర్తొచ్చి వెళ్లిపోయారు. కుంకుడు రసం విషం లేని కడుపులో కూడా అంతే పని చేస్తుందని జ్ఞానానందం అప్పుడు చెప్పాడు. సూరయ్య ఆయన వైపు చూసిన చూపుకు సైకిల్ ఎక్కేశాడు.

నీలవేణి భర్త దగ్గర కూర్చుని, చల్లటి మజ్జిగ పట్టింది. మాట తప్పాడని కోపం తెచ్చుకోవాలనే ప్రయత్నించింది. రాలేదు. ఆయన గుటక గుటకకూ గొంతు కదలడం చూస్తుంటే ఇంత అందమైన దృశ్యం ఇంకోటి లేదనిపించింది. ఒక్కటే దమ్ము అని అతను వేలు చూపిస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

వంటింట్లో గిన్నె కడుగుతున్న అత్తగారి దగ్గరకు వెళ్లింది. "నిజంగా విషమైతే ఏం చేసేవారత్తయ్యా? ఎందుకు తిన్నారు?"

"నువ్వు వండుతున్నంతసేపూ సూశాను. మూత తీసినప్పుడల్లా గుటకలేశావు. ఇసం కలిపినోళ్లకి నోరూరుతాదేటి?"

నీలవేణికి కళ్లు నిండాయి. తానెందుకు తినలేదో చెప్పబోయింది. అసిరమ్మ తడి చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకు. బయటికి సెప్తే సెడిపోయేవి కొన్నుంటాయి. నా పెళ్లయిన కొత్తలో నానూ ఏడాదిపాటు అరిటిపండు ముట్టలేదు. మా అత్త నన్ను ఎంత తిట్టినాదో నీకు తెల్దు." చేతులు తుడుచుకుని, వాకిట్లో కూర్చున్న మొగుడికి వినబడేలా గొంతు పెంచింది. "రేపు మొదటి బస్సుకి నానూ కోడలూ ఇజీనగరం అమ్మోరి కాడికి ఎల్తన్నాం. సాయంత్రానికొచ్చేస్తాం."

కోడలు చటుక్కున వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టింది. అరుగు మీద కొత్త చుట్ట వెలిగించుకుంటున్న గున్నమ్మ, రేపు వేకువనే తాను మళ్లీ పుట్ట దగ్గరికి వెళ్లొస్తానని, వీళ్లు వచ్చేసరికి తట్ట నింపి ఉంచుతానని, ఈసారి కూర కొత్త కోడలికే ముందు వడ్డించాలని చెప్పింది. సూరయ్య సరేనన్నాడు.

పంచాంగంలో రేపు ఏ విశేషమూ లేకపోయినా, జగన్నాధం మాత్రం తనకు ఉపవాసమని ప్రకటించాడు.