భుజాలు తడుముకున్న వార్డు

ఆ రోజు పెద్దసిస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే, దారం కట్టి నెట్టుకొస్తున్న కళ్లజోడుకు కొత్త ఫ్రేము వేయించుకోవాలి. ఎనిమిదింటికి వార్డులో అడుగుపెట్టేసరికి ప్యూను ఒక కవరు చేతికిచ్చి నవ్వాడు. ఆమె ఇరవయ్యారేళ్ల సర్వీసులో ప్యూను నవ్వడం అదే మొదటిసారి. అనుమానం అక్కడే మొదలైంది.

మహమ్మారి రోజుల్లో ఈ వార్డు చేసిన సేవలను ప్రభుత్వం గుర్తించిందట. ఈరోజు పదకొండు గంటలకు పై ఆఫీసు నుంచి అధికారి స్వయంగా వస్తుందట. యోగ్యులని తేలితే, అప్పట్లో చేరి ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నవాళ్లను పర్మినెంటు చేస్తుందట. అంతవరకు వార్డును ఉన్నది ఉన్నట్టుగా ఉంచాలట.

వార్డులో కాంట్రాక్టు మీద ఉన్నది చిన్నసిస్టరు ఒక్కతే. ఆమె గడువు నెలాఖరుతో సరి. ఇల్లంతా ఆ పిల్ల జీతం మీదే నడుస్తోంది. కవరు చదివి ఆమె గంతేసినంత పని చేసింది.

"అక్కా! ఇన్నాళ్లకి మన కష్టం వాళ్ల కళ్లబడింది!"

"సంబరపడకు. అప్పుడూ ఇలాగే చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా మాస్కులు ఎక్కువ వాడారని మెమో పంపారు. మనల్ని మెచ్చుకోడానికి పనిగట్టుకుని ఇంత దూరం వస్తారా? 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఎందుకు రాశారో ఆలోచించావా?"

చిన్నసిస్టరు ఆలోచించింది. "తాళం సంగతా అక్కా?"

తాళం సంగతే. మహమ్మారి ముదిరిన ఒక ఆదివారం, మంచానికొకరు ఊపిరందక కొట్టుకుంటున్నారు. సిలిండర్లకు బిగించే ఆక్సిజన్ మీటర్లు చూస్తే స్టోరులో ఉన్నాయి. స్టోరు గుమాస్తా చూస్తే తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్లాడు, ఫోను ఎత్తడు. పెద్దసిస్టరు సిలిండరు స్పానరుతో నాలుగు దెబ్బలు వేసింది. తాళం ఊడింది. ఎలాగూ తలుపు తెరిచాం కదా అని మీటర్లతో పాటు ఫ్యాన్లు, తెరలు, సెలైన్ స్టాండ్లు కూడా వార్డుకు తరలించింది. ఆ వార్డు నుంచి ముప్పై ఒక్కమంది తమ కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లారు. పగిలిన తాళం మాత్రం మూడేళ్లుగా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. పారేస్తే ఎవరికి దొరుకుతుందోనని భయం.

"ఆ సామాన్లతో దొరికామంటే నాదీ నీదీ ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా. పదకొండు లోపు అన్నీ స్టోరుకి చేరాలి," అంది పెద్దసిస్టరు.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే వార్డంతా భుజాలు తడుముకోవడం మొదలుపెట్టింది. తెరలు వార్డు ఆయా ఊడదీసింది. చిన్నసిస్టరు ఫ్యాన్లు మోసింది. కాలు విరిగి పడుకున్న ఒక పెద్దాయన లబోదిబోమన్నాడు.

"అమ్మా, మందు ఎక్కుతుండగానే స్టాండు పట్టుకుపోతున్నారేమిటి?"

"మీరు ఆ స్టాండుని ఎప్పుడూ చూడలేదు తాతగారూ. గుర్తుపెట్టుకోండి," అని పెద్దసిస్టరు సీసాను కిటికీ ఊచకు కట్టింది. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఎందుకొచ్చిన గొడవని తల కింద దిండు కూడా తీసి ఇచ్చేశాడు.

తన గుమ్మం ముందు సామాన్లు గుట్టపడుతుంటే స్టోరు గుమాస్తా గుండెలో రాయి పడింది. తాళం పోయిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఆ ఆదివారం నువ్వెక్కడున్నావని అడుగుతారు. కిక్కురుమనకుండా కొత్త తాళం కొని వేసుకున్నాడు. విచారణ తన మీదకే వస్తోందని, వార్డువాళ్లు చేతులు దులుపుకుంటున్నారని ఇప్పుడు అతనికి అర్థమైంది.

పదకొండింటికి అధికారిణి వచ్చింది. తెరల్లేని మంచాలను, కిటికీకి వేలాడుతున్న సీసాను చూసి, "ఇదేనా ఆ వార్డు?" అంది. ఫైలులోంచి ఒక ఉత్తరం తీసింది. "ఇక్కడ బతికి బయటపడ్డాయన రాశారు. అందరూ ముసుగుల్లో ఉన్నారట, ముఖాలు తెలియవట. ఇంతకీ స్టోరు తాళం పగలగొట్టింది ఎవరు?"

"ఏ తాళమండీ?" అంది పెద్దసిస్టరు.

"మా సిస్టరమ్మ కోడిగుడ్డు పగలగొట్టాలన్నా భయపడుతుందండీ," అని ఆయా సాక్ష్యం పలికింది.

అధికారిణి వెనకాలే వచ్చి నిలబడ్డ గుమాస్తా ఇక ఆగలేకపోయాడు. తాళం వేసి పోయినవాడి కంటే పగలగొట్టినవాడే నయమని అతని లెక్క. "నేనే మేడమ్! తాళంచెవి జేబులోనే ఉంది, కానీ తీసే టైము లేక పగలగొట్టాను!"

"ముప్పై ఒక్క ప్రాణాలు నిలబెట్టారు," అని అధికారిణి అతనికి చెయ్యి కలిపింది. "ఈ ప్రశంసాపత్రం మీదే. మీ దగ్గర కాంట్రాక్టు మీద ఎవరైనా ఉన్నారా?"

"మా బావమరిది మేడమ్! వాడూ ఓ చెయ్యి వేశాడు!" అంటూ గుమాస్తా గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి చూపించాడు.

చిన్నసిస్టరు తల వంచుకుని నిలబడింది. ఆ తల చూసేసరికి పెద్దసిస్టరుకు తన అనుమానం మీద తనకే ఒళ్లు మండింది. బ్యాగు తెరిచి, పగిలిన తాళాన్ని బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"పగలగొట్టింది నేనండీ. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ పగలగొడతాను. శిక్ష నాకు వెయ్యండి. నాతో పాటు పగలూ రాత్రీ నిలబడింది ఈ పిల్ల. దీని పొట్ట కొట్టకండి."

అధికారిణి గుమాస్తాను తాళంచెవుల గుత్తి అడిగి తీసుకుంది. పాత తాళంచెవి దానికి ఇంకా వేలాడుతూనే ఉంది. అది ఆ తాళంలో సరిగ్గా దూరింది; తాళం స్టోరుదేనని, చెవి ఉన్నవాడికి పగలగొట్టే పనే లేదని తేలిపోయింది. గుమాస్తా బావమరిది అప్పటికే జారుకున్నాడు.

ప్రశంసాపత్రం చేతులు మారింది. చిన్నసిస్టరు ఆర్డరు మీద అక్కడికక్కడే సంతకం పడింది. ఆ పిల్ల అక్కను వాటేసుకుని ఏడ్చింది. సామాన్లన్నీ మళ్లీ వార్డుకు చేరాయి, పెద్దాయన దిండుతో సహా.

అయినా పెద్దసిస్టరుకు నిద్ర పట్టలేదు. ఆర్డరును దారం కళ్లజోడుతో పదిసార్లు చదివింది, వెలుతురుకు పెట్టి ముద్ర చూసింది, ఎక్కడో ఏదో తిరకాసు ఉంటుందని రోజూ ఎదురుచూసింది. తొమ్మిదో రోజు ప్యూను నవ్వకుండా ఇంకో కవరు తెచ్చి ఇచ్చాడు. ప్రభుత్వ తాళం పగలగొట్టినట్టు తమరే ఒప్పుకున్నారు కనుక, వారం లోపు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

అది చదివాకే ఆమెకు మొదటి కవరు మీద నమ్మకం కుదిరింది.