మూలగది ముసలాయనకు అభినందన సభ

ఆ సోమవారం పొద్దున లిఫ్ట్ మెకానిక్ గట్టి నిర్ణయంతో నిద్ర లేచాడు. పనికి వెళ్లేలోపు నోటీసు అంటించి తీరాలి.

అతనికి భూతాల కార్డులాట అంటే ప్రాణం. నిప్పులు కక్కే రాక్షసుల మీద మాత్రం మోజు లేదు. కొత్త పొట్లం విప్పగానే జనం పక్కన పడేసే చిల్లర భూతాలంటేనే అభిమానం. అలాంటి పిచ్చే ఉన్న మరో పదిమందిని వెతికి పట్టుకుని ‘చిన్న భూతాల సంఘం’ పెట్టాడు. నెలకొక భూతాన్ని సత్కరించాలని తీర్మానం చేశారు. మొదటి వంతు ‘మూలగది ముసలాయన’ది. మూడు కళ్లు, మోకాళ్ల దాకా గడ్డం, బలం పది. ఆ ఆటలో పిల్లికూనకే ఇరవై ఉంటుంది.

తన అపార్ట్‌మెంట్ లిఫ్టులో నోటీసు అంటించి, నలిగిన మూలల్ని బొటనవేలితో నొక్కి, సంతృప్తిగా పనికి వెళ్లిపోయాడు. అందులో ఇలా ఉంది: “మూలగది ముసలాయనకు అభినందన సభ. ఇన్నాళ్లూ ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇకనైనా గౌరవిద్దాం. ఆదివారం ఉదయం పది గంటలకు, కింద హాలులో. అందరూ ఆహ్వానితులే.” అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో “బలం: 10” అని వేశాడు.

తొమ్మిదింటికి, వాళ్లింట్లోనే ఉంటున్న అతని అత్తయ్య కూరగాయల సంచీతో ఆ లిఫ్టే ఎక్కింది. తమ అంతస్తు వచ్చినా దిగలేదు. మళ్లీ మళ్లీ చదువుతూ రెండుసార్లు కిందికీ పైకీ తిరిగింది. ఎందుకంటే ఆ ఇంట్లో మూలగది ఒక్కటే, అందులో ఉండే ముసలాయన ఒక్కడే. ఆవిడ మొగుడు.

మామయ్య నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సరిగ్గా ఆ రోజే ఆఫీసు కొత్త భవనానికి మారింది. వీడ్కోలు సభ కోసం వేసిన కుర్చీలు సభ మొదలుకాకముందే లారీ ఎక్కేశాయి. ఆయన చేతిసంచీ పట్టుకుని మామూలు వేళకే ఇంటికొచ్చేశాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. అత్తయ్య ఎప్పుడూ మరిచిపోలేదు.

సాయంత్రం అల్లుడు గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, టీ కప్పుతో ఎదురొచ్చింది.

“బాబూ, నీ మనసు ఇంత పెద్దదని నాకు తెలీదయ్యా.”

“ఏదో లెండి అత్తయ్యా,” అన్నాడు అతను, లిఫ్టు తలుపు బాగు చేసినందుకు మెచ్చుకుంటోందనుకుని.

“ఆయన ఆఫీసు వాళ్లందరికీ ఫోన్లు చేసేశాను. నలభై మంది వస్తామన్నారు. వాళ్ల సూపరింటెండెంటుగారు కర్ర పట్టుకునైనా వస్తారట!”

“సూపరింటెండెంటు ఎందుకు?” అనబోయాడు మెకానిక్. భార్య అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లింది.

“మూలగది ముసలాయన అని రాస్తే ఎవరనుకుంటారండీ?”

“కింద బలం పది అని వేశాను కదా!”

“అమ్మ కళ్లజోడు లేకుండా చదివింది. ఇప్పుడు నిజం చెప్పారంటే, నేను మీతో మాట్లాడను.”

“చెప్పను. అలాగని సభా మానను. ఆ కార్డుకి మాటిచ్చాను.”

“కార్డుకి మాటిచ్చారా?” అని ఆవిడ నుదురు కొట్టుకుంది.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కోశాధికారి అయిన పళ్ల డాక్టరమ్మ సూటిగా అడిగింది. “ఇంతకీ సభ ఏ ముసలాయనకి?”

“ఇద్దరికీ,” అన్నాడు మెకానిక్. “ప్రశంసాపత్రం మనం కార్డు కోసం రాసుకున్నదే చదువుతాం. ఒక్క అక్షరం మార్చేది లేదు. పేరు మాత్రం ఎత్తకండి.”

శనివారం దాకా ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య మామయ్య కోటుకు మూడుసార్లు ఇస్త్రీ చేసింది. అపార్ట్‌మెంట్ కార్యదర్శి మైకు తెప్పించాడు. మామయ్య మాత్రం ఎవరేమడిగినా “సరే, కానివ్వండి” అని మూలగదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. ఆ తలుపు చూసినప్పుడల్లా మెకానిక్ గుండె లిఫ్టులా జారేది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఒకవైపు నెరిసిన తలలు నలభై, ఇంకోవైపు భూతాల బొమ్మల చొక్కాలు పది. మధ్యలో కోటు వేసుకుని మామయ్య. మెకానిక్ గొంతు సవరించుకుని ప్రశంసాపత్రం అందుకున్నాడు.

“ఈయన బల్ల మీద ఉన్నంతసేపు ఎవరూ తొందరపడలేరు.”

“నిజం! ఒక్క సంతకానికి అరగంట తీసుకునేవాడు!” అన్నారు వెనకనుంచి ఎవరో. హాలంతా నవ్వులు.

“ఎంత బలవంతుడొచ్చినా గుమ్మం దగ్గర ఆపేస్తాడు.”

“నన్నూ ఆపాడు!” అన్నాడు సూపరింటెండెంటు, కర్ర నేలకేసి కొడుతూ. “నేను కొత్తగా చేరిన రోజు, గుర్తింపు కార్డు చూపిస్తేగాని లోపలికి రానివ్వలేదు!”

“చచ్చిపోయినా వెంటనే తిరిగి చేతిలోకి వస్తాడు.” ఇక్కడ మెకానిక్ కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“మూడుసార్లు సస్పెండ్ చేశారు,” అన్నాడు ఓ పాత గుమాస్తా కళ్లు తుడుచుకుంటూ. “మూడుసార్లూ తిరిగొచ్చాడు.”

చప్పట్లు ఆగలేదు. భూతాల చొక్కాల వాళ్లు తమ ముసలాయన కోసం కొట్టారు, తలనెరిసిన వాళ్లు తమ ముసలాయన కోసం కొట్టారు. చప్పుడులో తేడా తెలియలేదు.

చప్పట్ల మధ్యనే మామయ్య అల్లుణ్ణి దగ్గరికి పిలిచి చెవిలో అన్నాడు. “అల్లుడూ, చిన్న సవరణ. కొత్త ముద్రణలో బలం పన్నెండు చేశారు.”

“మామయ్యా! మీకు తెలుసా?”

“సోమవారమే తెలిసింది. జీవితమంతా మీటర్ల మీద సన్న అంకెలు చదివినవాణ్ణి, నీ నోటీసు ఒక లెక్కా? బలం పది ఏంటా అని నీతో ఆ ఆటాడే మనవరాలిని అడిగాను. అప్పటికే మీ అత్తయ్య అందరికీ ఫోన్లు చేసేసింది. ఆవిడ మొహం అంత వెలిగిపోతుంటే కాదని ఎలా చెప్పను? వారమంతా తలుపేసుకుని ఆట నేర్చుకున్నాను. ఎవరైనా ప్రశ్నలడిగితే నీ పరువు పోకూడదుగా.”

మెకానిక్ కార్డును తలుపంత పెద్దది చేసి కట్టించిన పటాన్ని ఆయన చేతుల్లో పెట్టాడు. మామయ్య దాన్ని మోయలేక మోస్తూ తెచ్చి భార్యకు అందించాడు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, మూడు కళ్లనూ మోకాళ్ల దాకా ఉన్న గడ్డాన్నీ తేరిపార చూసింది.

“అన్నీ బాగానే చేశావు గాని బాబూ,” అంది, “ఫోటో కాస్త మంచిది అడిగి తీసుకోవాల్సింది.”