బూటు ప్రాబ్లం

ఆ ఉదయం చెంచయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. జిల్లా అధికారులకు తెర మీద కనబడాలి. మిర్చి రైతుల సంఘాన్ని తాను ఎంత ఆధునికంగా నడుపుతున్నాడో చెప్పి, 'ఆదర్శ సంఘం' బిరుదు తెచ్చుకోవాలి. బిరుదుతో పాటు కప్పే శాలువాకు నప్పే చొక్కా కూడా ముందురోజే ఇస్త్రీ చేయించాడు. కంప్యూటర్‌కు ఆ ప్రణాళికలో ఒక్కటే పని: మధ్యలో ఆగకుండా ఉండడం.

దాని జబ్బు అదే. వినుకొండ రోడ్డు పక్కనున్న ఆ సంఘం ఆఫీసులో కంప్యూటర్ కొన్ని వారాలుగా ఉన్నట్టుండి ఆరిపోయి, దానంతటదే మళ్ళీ మొదలవుతోంది. ఆపరేటర్ రెబెకా ఒక్కతే పనిచేసుకుంటుంటే సాయంత్రం దాకా నిక్షేపంగా నడుస్తుంది. ప్రెసిడెంటు చెంచయ్య వచ్చి, బల్లకు అవతలి వైపు కుర్చీలో కూర్చుని, తన గురించి నాలుగు మాటలు చెప్పుకునేసరికి తెర నల్లబడుతుంది. దీన్నుంచి చెంచయ్య గ్రహించింది ఏమిటంటే, తాను లేనప్పుడు కూడా అది ఆగుతూనే ఉంది, ఈ అమ్మాయి దాస్తోంది.

"ఇదిగో అమ్మాయ్, ఇవాళ మీటింగు మధ్యలో గనక ఆగిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. మీ అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసుకో."

రెబెకా తల ఊపింది. వాళ్ళ అమ్మ ప్రేమమ్మ ఇరవై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ చేతులతో కూతురి ముఖం తుడవడానికి భయపడి చీర కొంగుతో తుడిచేది. రెబెకా బీకాం చదివింది ఆ చేతుల మంట చూసే. ఈ ఉద్యోగం చిన్నదే కానీ ఇందులో వేళ్ళు మండవు.

ఆ గది చెంచయ్యకు గుడితో సమానం. కంప్యూటర్ అంటే సరస్వతి అని ఆయన నమ్మకం. దాన్ని ఎలా వాడాలో నేర్చుకోకపోవడానికి కూడా ఆ భక్తే కారణం కావచ్చు. 'చెప్పులు బయటనే విడువవలెను' అని గుమ్మానికి బోర్డు రాయించాడు. కొన్ని వారాల కిందటి దాకా బల్ల కింద ఉండే కంప్యూటర్ పెట్టె రెబెకా వైపు తిరిగి ఉండేది. చెంచయ్య అది చూసి నొచ్చుకున్నాడు. "సంఘానికి ప్రెసిడెంటు నేనా, నువ్వా? దాని ముఖం నీకూ, వీపు నాకూనా?" అని పెట్టెను తన కుర్చీ వైపు తిప్పించాడు. అప్పటినుంచి పెట్టె ముఖమూ, దాని దీపాలూ, బటన్లూ ప్రెసిడెంటు గారి పాదాల దగ్గర ఉంటున్నాయి.

మీటింగు రోజు కనుక చెంచయ్య పొద్దున్నే మేనల్లుడు వీరబాబును పిలిపించాడు. వీరబాబు హైదరాబాదులో హార్డ్‌వేర్ కోర్సులో చేరాడు. కోర్సు పూర్తిచేశాడా అని ఎవరూ అడగలేదు. ఊరికి తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో స్క్రూడ్రైవర్ల డబ్బా ఉంది, ఊరికి అది చాలింది. అతను పెట్టె మీద చెవి పెట్టి విన్నాడు, రెండుసార్లు తట్టాడు, కళ్ళు మూసుకున్నాడు.

"మామయ్యా, ఇది మామూలు ప్రాబ్లం కాదు. రీబూటు ప్రాబ్లం."

"బూటా?"

"ఆ. ఊరికే బూటవుతోంది."

చెంచయ్య ముఖం ఎర్రబడింది. "ఏమ్మాయ్, బూట్లేసుకుని లోపలికెవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ. బూటంటే కాళ్ళకేసుకునేది కాదండీ, కంప్యూటర్ మళ్ళీ మొదలవడాన్ని..."

"నాకు నేర్పుతున్నావా? వాడు కోర్సు చేసొచ్చాడు. ఏరా, బూటేగా?"

"బూటే మామయ్యా," అన్నాడు వీరబాబు. మామయ్యను దిద్దినవాళ్ళకు ఆ ఇంట్లో రెండోసారి కాఫీ వచ్చిన దాఖలా లేదు.

చెంచయ్య బాగా ఆలోచించి దోషిని పట్టుకున్నాడు. పోయిన నెల పంటల బీమా ఆఫీసరు వచ్చాడు. బూట్లు విప్పమంటే లేసులు ఉన్నాయని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక కాలు మాత్రం గడప దాటింది. "అదీ సంగతి! మైలపడింది," అని చెంచయ్య ఆఫీసు ఊడ్చే సుబ్బరావమ్మను కేకేశాడు.

"గదంతా పసుపు నీళ్ళు చల్లు."

సుబ్బరావమ్మ పసుపు నీళ్ళ చెంబుతో వచ్చి బల్ల కిందకు వంగి చూసింది. "గదిలో చల్లమంటే చల్లుతా. ఆ కరెంటు వైర్ల మీద చల్లమంటే మాత్రం నావల్ల కాదయ్యా. నాకింకా మనవరాలి పెళ్ళి చూడాలని ఉంది."

"పనికిమాలిన భయం!" అని చెంచయ్య చెంబు లాక్కుని తానే చల్లాడు. బల్ల కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు టప్పున పేలింది. ఆఫీసులో ఫ్యాను ఆగింది. బయట కళ్ళంలో మిర్చి టిక్కీ బస్తాలు తూస్తున్న కరెంటు కాటా ఆరిపోయింది. తెల్లారకముందే బస్తాలు తెచ్చి వరసలో నిలబడ్డ రైతులు కిటికీ దగ్గరకు వచ్చారు.

"ఏందయ్యో ప్రెసిడెంటూ! కాటా పోయింది!"

"శుద్ధి జరుగుతోంది. ఆగండి."

"కాయ ఎండిపోతా ఉంటే శుద్ధేందయ్యా? తూకం తగ్గితే నువ్విస్తావా?"

ఫ్యూజు వేసి, కొత్త బాక్సు తెచ్చేసరికి పది దాటింది. పసుపు నీళ్ళ వైద్యానికి తోడుగా ఇంకేదైనా చేయాలని వీరబాబుకు అనిపించింది. కోర్సులో విన్న మాట ఒకటి గుర్తొచ్చింది: దుమ్ము పేరుకుంటే పెట్టె వేడెక్కుతుంది. మూత విప్పి చూశాడు. లోపల ఎర్రటి దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంది. ఆ ఊళ్ళో దుమ్మంటే మట్టి ఒక్కటే కాదన్న సంగతి, పుట్టి పెరిగిన ఊరైనా, అతనికి తోచలేదు. కళ్ళంలో కాయల చెత్త ఎగరేసే బ్లోయర్ తెప్పించి, గాలి బయటకు పోకుండా తలుపులు మూయించి, దాని మూతి పెట్టెలోకి పెట్టి ఆన్ చేశాడు.

గది ఎర్రబడింది. ఆ తర్వాత ఎవరు ఎటు పోయారో ఎవరికీ కనబడలేదు. గడియ దొరకక వీరబాబు కాసేపు గోడను తోశాడు. రెబెకా చున్నీతో ముక్కు మూసుకుని కిటికీ తెరిచింది. కన్నీళ్ళతో బయటపడ్డ చెంచయ్య వరండాలో నిలబడి తుమ్ముతూనే, మధ్యలో చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఒక్క తుమ్ము... హాఛ్... అపశకునం. రెండోది రావాలి. ఇప్పుడు నావి సరి అయ్యాయా, బేసి అయ్యాయా?"

"లెక్క తప్పింది మామయ్యా, హాఛ్!"

"నీది కలపకురా వెధవా!"

ఎంతకీ తేలకపోవడంతో చెంచయ్య పూజ చేయక తప్పలేదు. నేల మీద కూర్చుని పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టాడు. దేవతకు నుదురు ఎక్కడుందో తెలియక కనబడిన ప్రతి బటన్‌కూ దట్టంగా అద్దాడు. లెంపలు వేసుకుని లేచి, తన కుర్చీలో కూర్చుని, "ఇక చూస్కో," అన్నాడు.

పదకొండింటికి తెర మీద జిల్లా అధికారి గారు కనబడ్డారు. ఆమె చుట్టూ చిన్న చిన్న గళ్ళలో ఇతర సంఘాలవాళ్ళు ఉన్నారు. రెబెకా తెరనూ కెమెరానూ చెంచయ్య వైపు తిప్పి, పక్కకు జరిగి నిలబడింది.

"నమస్కారమండి. నేను రాకముందు ఈ సంఘంలో కంప్యూటర్ అంటే ఎవరికీ తెలీదండి. నేనొచ్చాక..." అని చెంచయ్య మొదలుపెట్టాడు. తన సంగతి వచ్చేసరికి ఆయన గొంతు పెరిగింది, ఛాతీ పెరిగింది, అలవాటు ప్రకారం బల్ల కింద కుడికాలు ఊగడం మొదలైంది. తెర నల్లబడింది.

"ఏం నొక్కావే?"

రెబెకా రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "నేను దగ్గర కూడా లేనండీ."

"కంగారు పడకండి మామయ్యా, నా ఫోన్లోంచి మీటింగులో కలిశాను. వాళ్ళు వింటున్నారు, మాట్లాడండి," అని వీరబాబు ఫోను ఆయన ముఖం ముందు పెట్టాడు.

"అమ్మా, తప్పు నాది కాదండి. ఈ ఆపరేటర్ పిల్ల వల్లే ఇదంతా. మీ ముందే చెప్తున్నా, ఇవాళే తీసేస్తున్నా!"

రెబెకా మూలనున్న తన టిఫిన్ బాక్సు తీసి సంచిలో పెట్టుకుంది. ఈలోగా కంప్యూటర్ తనంతట తాను లేచింది. పోయే ముందు చేసే పని ఇదొక్కటే కదా అన్నట్టు ఆమె మీటింగును మళ్ళీ తెర మీదకు తెచ్చి, చెంచయ్య ముందు పెట్టింది.

"మీరు మాట్లాడుతూ ఉండండి మామయ్యా, నేను కింద వైరు చూస్తా," అని వీరబాబు ఫోను పట్టుకుని బల్ల కిందకు దూరాడు. చీకటిగా ఉందని ఫోను లైటు వేశాడు. మీటింగు ఇంకా ఆ ఫోనులోనే నడుస్తోందనీ, ఈసారి దాని వెనక కెమెరా కూడా తెరుచుకుందనీ అతను చూసుకోలేదు.

తెర నిండా ఒక పాదం వచ్చింది. పగిలిన మడమ, పెరిగిన గోరు, బొటనవేలికి నిండుగా కుంకుమ. జిల్లాలోని సంఘాలన్నీ దాన్ని చూశాయి. చెంచయ్య కూడా చూశాడు.

"ఏందండీ ఇది? అధికారుల ముందు కాళ్ళు చూపిస్తున్నాడెవడో! ఏ సంఘంవాడండీ వీడు? సంస్కారం లేదూ?"

ఆయనకు కోపం వచ్చింది. కాలు జోరుగా ఊగింది. తెర మీద పాదం కూడా అంతే జోరుగా ఊగింది.

"చూశారా! మనం చెప్తుంటే ఇంకా ఊపుతున్నాడు! మా ఊళ్ళో అయితే కాలు విరగ్గొట్టేవాళ్ళం!"

తెర మీద బొటనవేలు వెళ్ళి, కుంకుమ పూసిన చిన్న బటన్‌ను నొక్కింది. కంప్యూటర్ ఆరిపోయింది.

తర్వాత బల్ల కింద నుంచి, వీరబాబు చేతిలోని ఫోనులోంచి, జిల్లా అధికారి గారి గొంతు వినబడింది.

"చెంచయ్య గారూ, ఆ కాలు మీదేనండి."

చెంచయ్య వంగి కిందకు చూశాడు. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.

"అంటే... అది..."

"తీసేయాల్సింది అమ్మాయిని కాదండి, కాలిని. తీసేయండి. అలాగే, వచ్చే మీటింగు నుంచి మీ సంఘం తరఫున ఆ అమ్మాయినే మాట్లాడమనండి."

ఫోనులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కిటికీ దగ్గర రైతులు ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ సుబ్బరావమ్మ బుగ్గ నొక్కుకుంది.

"సరస్వతనీ, చెప్పులిప్పమనీ మమ్మల్ని అంటివి. రోజూ తన్నేది నువ్వా అయ్యా!"

రెబెకా సంచిలోంచి టిఫిన్ బాక్సు తీసి మళ్ళీ మూలన పెట్టింది. బల్ల కిందకు వంగి, పెట్టె ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. ఈసారి ఎవరి వైపు దాని వీపు ఉండాలన్న చర్చ రాలేదు.

బిరుదు వేరే సంఘానికి వెళ్ళింది. గిట్టనివాళ్ళెవరో ఫోనులో తన కాలు పెట్టించారని చెంచయ్య ఇప్పటికీ ఊళ్ళో చెబుతుంటాడు. కానీ ఆ గదిలోకి వచ్చినప్పుడు మాత్రం పాదాలు రెండూ కుర్చీ కింద ముడుచుకుని కూర్చుంటాడు. కాలు ఊపకుండా తన గురించి మాట్లాడడం ఆయనకు ఇంకా చేతకాలేదు. అందువల్ల ఆఫీసులో పని జరుగుతోంది.