కింది అంతస్తులో నేతి వాసన

మా వీధి పరువు ప్రమాదంలో పడిందని మా నివాసుల సంఘం ఏకగ్రీవంగా కనిపెట్టింది. కారణం, సంఘ భవనం కింది అంతస్తులో అద్దెకున్న శాకాహార భోజనశాల, దాన్ని ఆనుకుని ఉన్న మిఠాయి దుకాణం. అక్కడ భోజనం చౌక. ఎంత చౌకంటే, అక్కడ తిన్నవాడి హోదా మీద ఇరుగుపొరుగుకి అనుమానం రాక తప్పదు. పైగా మధ్యాహ్నమయ్యేసరికి నేతి వాసన మెట్లెక్కి మా సమావేశాల గదిలోకి వచ్చేస్తుంది. దీనివల్ల సభ్యులు తీర్మానాల మీద మనసు పెట్టలేకపోతున్నారని సంఘ కార్యదర్శి తీవ్ర ఆవేదన వ్యక్తం చేశారు. ఆ కార్యదర్శిని నేనే.

నేను రోజూ తినేది అక్కడే. మా ఆవిడ నా ఆరోగ్యం కోసం ఉప్పు, కారం, నూనె మాన్పించి, ఉడికించిన సొరకాయ డబ్బాలో సర్ది ఆఫీసుకి పంపిస్తుంది. ఆ డబ్బాని మొదట్లో ఆఫీసు గేటు దగ్గర కుక్కకి పెట్టేవాణ్ణి. ఇప్పుడా కుక్క నన్ను చూస్తే అటు తిరిగి పడుకుంటోంది.

భోజనశాలలో కుర్చీ దొరకడానికి ఒక పద్ధతుంది. తింటున్నవాడి వెనక నిలబడి, అతని కంచంలో పెరుగు ఎప్పుడు పడుతుందా అని చూస్తుండాలి. పెరుగు పడిందంటే కుర్చీ మనదే. సభల్లో సంస్కారం గురించి గొంతు చించుకునే నేను, ముక్కూమొహం తెలియని మనిషి మెడ మీద ఊపిరి వదులుతూ, మళ్లీ కూర అడిగాడు తిండిపోతు అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. చోటు దొరికాక గోడ వైపు తిరిగి తింటాను. గోడ ఎవరికీ చెప్పదు.

పైన గదిలో ఆ దుకాణాన్ని నేను ఎంత గట్టిగా తిడితే, కింద నేను తింటానన్న అనుమానం జనానికి అంత తక్కువగా వస్తుందని నా ఉద్దేశం. కొంచెం ఎక్కువగా తిట్టినట్టున్నాను. అద్దె ఒప్పందం గడువు ముగియబోతోంది గనుక దుకాణాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చడానికి ఒక తనిఖీ ఉపసంఘం వేసి, నా ఆవేశానికి ముగ్ధులై నన్నే దానికి పెద్దని చేశారు. దుకాణం మూతపడితే నాకూ సొరకాయకీ మధ్య ఇక అడ్డేమీ ఉండదు. నాకు నిజంగానే భయమేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉపసంఘంలో మిగతా ఇద్దరు, సంఘ అధ్యక్షులైన పళ్ల డాక్టరుగారు, యోగా మాస్టారు. బయల్దేరే ముందు డాక్టరుగారు ప్రసంగించారు.

"మిఠాయి మన తియ్యని శత్రువు. నా కంఠంలో ప్రాణముండగా ఈ వీధిలో ఒక్క పన్ను కూడా పుచ్చనివ్వను."

అదే జరిగితే ఆయన ఇల్లెలా గడుస్తుందో ఎవరూ అడగలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

దుకాణం నడిపే ఆవిడని అందరూ పిన్నిగారంటారు. ఆవిడ మమ్మల్ని జన్మలో చూడనట్టు పలకరించి లోపలికి రమ్మన్నారు. వంటగది గుమ్మానికి దూలం కిందికి దిగి ఉంటుంది. మొదటిసారి వచ్చినవాడు నుదురు బొప్పి కట్టించుకోవలసిందే. డాక్టరుగారు వెనక్కి తిరిగి మాకు అపరిశుభ్రత గురించి బోధిస్తూనే, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి తల వంచి దాటేశారు. యోగా మాస్టారు ఒక కుర్చీని చూసీ చూడగానే పక్కకి నెట్టి ఇంకోటి లాక్కున్నారు. ఆ కుర్చీ చెక్క తొడ గిల్లుతుంది. అది కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నేను చేతులు కడుక్కోవడానికి బియ్యం బస్తాల వెనకున్న పంపు దగ్గరికి ఎవరినీ దారి అడక్కుండా వెళ్లి, దాన్ని తిప్పవలసిన వైపు కాక తిరిగే వైపు తిప్పాను. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దీన్ని సభ్యుల నిష్పాక్షికతగా నివేదికలో రాశాను.

రుచి చూడకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదని యోగా మాస్టారు అభిప్రాయపడ్డారు. వడ్డించే అతను డాక్టరుగారికి రెండు లడ్లు, మాస్టారికి గిన్నె నిండా నెయ్యి, నాకు మాడిన అప్పడం తెచ్చి పెట్టాడు. మాడినదంటేనే నాకిష్టం. అడక్కుండా వడ్డించడం సిబ్బంది క్రమశిక్షణారాహిత్యానికి నిదర్శనమని, నోరు నిండుగా ఉన్నప్పటికీ, ముగ్గురం అంగీకరించాం. నమూనా చాలకపోవడంతో మళ్లీ పెట్టించుకున్నాం.

పెరుగు పడే వేళకి పిన్నిగారు వచ్చి నిలబడ్డారు.

"బాబుగారూ, మాకు ఇంకో చోటు చూసుకునే ఓపిక లేదు. దుకాణం తీసేయడం మీలో ఏ ఒక్కరు వద్దన్నా ఆగిపోతుందట కదా. ఒక్కరు అనండి చాలు."

ఆవిడ చేతి వంట తినే నేను మనిషిలా తిరుగుతున్నాను. ఎవరో ఒకరు తప్పకుండా అంటారని ధైర్యం చెప్పాను. ఆ ఎవరో ఒకరు డాక్టరుగారని నా నమ్మకం. పెద్దమనిషి, ఆయన మాటని కాదనేవాళ్లుండరు.

వెంటనే పైన సర్వసభ్య సమావేశం. సభ్యులు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. అందరూ కింది నుంచే వచ్చారు. దుకాణాన్ని తీసేయాలన్న నివేదికని నేను చదివాను. నా కంఠం ఎన్నడూ అంత గంభీరంగా పలకలేదు. వ్యతిరేకించేవారుంటే చెప్పవచ్చన్నాను. డాక్టరుగారి వైపు ఆశగా చూశాను. ఆయన యోగా మాస్టారి వైపు ఆశగా చూశారు. మాస్టారు కళ్లు మూసుకుని ధ్యానంలోకి వెళ్లిపోయారు. గదిలో ఎవరో తేన్చారు. తీసేయాలనేవారు చేతులెత్తండి అంటూ, పద్ధతి ప్రకారం మొదటి చెయ్యి నేనే ఎత్తాను. తరువాత గదిలో చెయ్యెత్తనివాడు లేడు.

ఇప్పుడక్కడ పచ్చి ఆకులు అమ్మే దుకాణం పెట్టారు. లోపల చల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. మా వీధి పరువు నిలబడింది. నేను సొరకాయ తింటున్నాను. పిన్నిగారు ఎక్కడికి వెళ్లారో ఎవరూ అడగలేదు. అడిగితే, నీకెందుకని అడుగుతారు.

మీరు నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి, నాకిది కావలసిందే. కానీ ఆ రోజు ఎత్తిన చేతులన్నిటినీ వేదిక మీద నుంచి నేను చూశాను. ఒక్కో వేలికీ కడిగినా పోని పసుపు మరక, గోళ్ల చుట్టూ నేతి మెరుపు. వెనక వరసలో మీరొక్కరే పిడికిలి బిగించి ఎత్తారు. పట్టుదల కాబోలనుకుని అందరం మెచ్చుకున్నాం.