చింతపండు కొట్టడంలో మూడు రోజుల శిక్షణ

బస్తర్‌లోని దోర్నపాల్ దగ్గరి చింతపండు కేంద్రానికి కొత్తగా వచ్చిన మేనేజరు రాజశేఖర్ ఆ ఉదయం నిశ్చింతగా కాఫీ తాగాడు. పదకొండు గంటలకు జగదల్‌పూర్ నుంచి పై అధికారి ఊర్మిల మేడం వస్తుంది. అతని శిక్షణ ప్రణాళిక నచ్చితే ఉద్యోగం పర్మనెంటు చేస్తుంది. నచ్చకపోతే పెట్టె సర్దుకోవాలి. ప్రణాళిక నలభై పేజీలు. చింతపండు కొట్టి గింజ తీయడం మూడు రోజుల్లో నేర్పుతుంది. గింజ తీయడం అతను ఎన్నడూ చూడలేదన్నది వేరే సంగతి. కాగితం మీద ఈదేవాడికి నీళ్ళతో పనేముంది?

మొదటి పేజీ ప్రకారం ముందుగా పరీక్ష. తప్పినవాళ్ళకే శిక్షణ. కేంద్రంలో పనిచేసే ఇరవైమంది ఆడవాళ్ళు తలా కాసిని చింతకాయలు ముందేసుకుని కూర్చున్నారు. అరగంటలో పెంకు ఒకవైపు, ఈనెలు ఒకవైపు, గింజలు ఒకవైపు. ఒక్కరూ తప్పలేదు. తప్పినవాళ్ళే లేకపోతే శిక్షణ ఎవరికి?

"సోమ్లీ, ఓ పదిమంది కాస్త తప్పుగా చెయ్యండమ్మా," అని వాళ్ళ పెద్దను బతిమాలాడు.

"తప్పుగనా? ఏంది సారూ! నోట్లె పెట్టుకునే సరుకు ఎట్ల పాడు జేస్తం?"

గుమాస్తా దుర్గేశ్ ఉపాయం చెప్పాడు. "ఇయ్యాల హాట్ బజార్ గద సార్. పని రానోళ్ళను ఆడికెళ్ళి పట్టుకొస్త."

వెళ్ళి సంతలో మైకు పట్టాడు. "చింతపండు కొట్టరానోళ్ళు రాండ్రి! చాయ్, సమోసా ఫ్రీ!"

చింతపండు కొట్టడం రాదని నలుగురిలో ఒప్పుకునే మనిషి బస్తర్‌లో ఇంకా పుట్టలేదు. సంత సంతంతా కోపంగా కదిలింది. రుజువు చూపడానికి ఎవరి బుట్ట వాళ్ళు తెచ్చుకున్నారు. పదకొండు కావొచ్చేసరికి కేంద్రం ముందు రెండు వందలమంది టకటకా కొడుతున్నారు. ఉప్పలమ్మ అనే ముసలమ్మ మాత్రం కర్రతో సహా ఆఫీసులోకే వచ్చేసింది.

"నాకు రాదన్నోడెవడు?"

దుర్గేశ్ విశ్వాసపాత్రుడు. వెంటనే మేనేజరును చూపించాడు.

సరిగ్గా అప్పుడే మేడం జీపు దిగింది. "ఇంతమందా! భేష్. ఏదీ, నేర్పి చూపించండి."

రాజశేఖర్ పదకొండో పేజీ తెరిచి, అందులో ఉన్నట్టే కర్ర ఎత్తి చింతకాయ మీద ఒక్కటిచ్చాడు. పెంకు, ఈనె, గింజ, బొటనవేలు అన్నీ ఏకమయ్యాయి.

"అయ్యో, అట్ల గాదు సారూ!" సోమ్లీ కర్ర సరిగ్గా పట్టించి, అతని చెయ్యి పట్టుకుని కొట్టించసాగింది. రెండు వందలమంది నాలుగు భాషల్లో సలహాలిచ్చారు. రాజశేఖర్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మేడం ప్రణాళిక అందుకుని మొదటి పేజీ చదివింది. "తప్పినవాళ్ళకే శిక్షణ అన్నారు. చక్కటి పద్ధతి. తప్పినవారు ఒకరు దొరికారు కాబట్టి సోమ్లీ మూడు రోజులు నేర్పుతుంది. పని వచ్చిందని ఆమె అంటే పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెడతాను."

మూడో రోజు సాయంత్రం సోమ్లీ అతని బుట్టను వేలితో కెలికి చూసి, మేడంకు ఫోను చేసింది. "సారు మంచోడే మేడం. ఇంకో రెండు మూడేండ్లు కొడితే వస్తది."

ఉద్యోగం మాటెలా ఉన్నా, శిక్షణ మాత్రం పర్మనెంటయింది.