పండుగకు దులిపిన మెయిల్ పెట్టె

దసరా తెల్లారి ఆఫీసు తెరిచినా పెద్దగా పనేమీ ఉండదని కంప్యూటర్లు చూసుకునే రుచిత లెక్క వేసుకుంది. మూడు రోజులుగా ఆపి ఉంచిన సర్వర్‌ను మొదలుపెట్టాలి. దాని నెత్తిన వాడిపోయిన బంతిపూలు తీసెయ్యాలి. ఒంటిగంట బస్సుకు రెంజల్‌లో తమ ఇంటికి వెళ్ళిపోవాలి. అంతే.

నిజామాబాద్‌లోని ఆ పసుపు రైతుల సంఘంలో ఆయుధపూజ గట్టిగా జరుగుతుంది. కాంటా, బస్తాలు కుట్టే మిషన్, సర్వర్, అన్నింటికీ బొట్లు పెట్టి ఆపేస్తారు. పండుగ దాటేదాకా ఎవరూ ముట్టుకోరు. యంత్రాలకు కూడా రెక్కలు నొస్తాయని మేనేజర్ ఆత్మారాం నమ్మకం.

రుచిత సర్వర్ మీది చివరి పువ్వు తీస్తుండగా ఆయనే వచ్చి నిలబడ్డాడు.

"రుచితా, సాంగ్లి సేటు మెయిల్ కనవడ్తలేదు."

"డిలీట్ అయిందా సార్?"

"దానంతట అదే అయితదా? నేనే చేసిన. పండుగకు ఇల్లు దులుపుకుంటం, పెట్టె దులుపుకోవద్దా? పూజనాడు పొద్దుగాల మెయిల్ పెట్టె మొత్తం సాఫ్ చేసిన. చెత్తబుట్ట గూడ కడిగిన."

వేల్పూర్ గోదాములో అరవై మంది రైతుల పసుపు ఉంది. తూర్పు గోడ పక్క ఒక రకం, పడమటి గోడ పక్క ఒక రకం. పసుపు కొనే సాంగ్లి సేటు మనిషి పండుగ ముందు వచ్చి రెండూ చూసి పోయాడు. ఏది కావాలో మెయిల్ రాస్తానన్నాడు సేటు. నచ్చని సరుకు పోతే లారీని లారీగానే వాపసు పంపే మనిషి. అట్లా తిరిగొచ్చిన పసుపును ఇంకెవరూ ముట్టరు. సరుకు ఎక్కించాల్సిన లారీ ఇప్పుడు వేల్పూర్‌లో గోదాము ముందు నిలబడి ఉంది.

"సేటునే ఒక్కసారి అడగరాదు సార్?"

"అడిగి? రాసిచ్చినదాన్ని పారేసుకున్నరా అంటడు. ఉన్న ఇజ్జత్ పోతది. నేను చదివిన, బాగ యాదికున్నది. తూర్పో, పడమరో, అదే గుర్తొస్తలేదు."

సర్వర్‌లోని మెయిళ్ళన్నింటికీ రోజూ రాత్రి ఒక నకలు వేరే డిస్కులోకి పోతుంది. చివరి నకలు పూజకు ముందటి రాత్రిది. మెయిల్ అంతకుముందే వచ్చి ఉంటే దొరుకుతుంది. పూజనాడు పొద్దున వచ్చి ఉంటే ఇక ఎక్కడా లేదు.

"ఏ రోజు వచ్చింది సార్?"

"రోజులెవరు చూసిన్రు? మొత్తం వాపస్ తే."

"మొత్తం తెస్తే పాతవి గూడ చదవనివాటి లెక్క కనవడ్తయి సార్. ఎవరూ ముట్టకుంటే మంచిది."

రుచిత గొంతు మామూలుగానే పక్క మనిషికి సగం వినిపిస్తుంది. అప్పటికే ఆత్మారాం వేల్పూర్ గోదాము చూసుకునే వెంకటితో ఫోన్లో ఉన్నాడు కాబట్టి ఆ సగం కూడా వినిపించలేదు.

అరగంటలో మూడేళ్ళ మెయిళ్ళు, నాలుగు వేల పైచిలుకు, ఆత్మారాం పెట్టెలోకి తిరిగొచ్చాయి. పాతవీ కొత్తవీ కలగలిసి పడ్డాయి. రుచిత తన గదిలో కూర్చుని సేటు పేరుతో వెతకడం మొదలుపెట్టింది.

ఆమెకు గుర్తు రాని మనిషి ముత్తన్న. ఇరవై ఏళ్ళుగా అక్కడ అటెండర్. ఆత్మారాం తెర మీద చదవడు, కళ్ళు మండుతాయంటాడు. అందుకని ఆయన పెట్టెలో చదవని మెయిల్ కనపడితే ముత్తన్న ముద్రించి, ఎవరి పని వాళ్ళకు అందిస్తాడు. పైన ఉండే పేర్లూ తారీకులూ ఇంకు దండుగని, విషయం మాత్రమే ముద్రించమని ఆత్మారాం ఎప్పుడో ఆర్డరేశాడు.

"పండుగ పూట గూడ లోకం ఊకుండలే" అనుకుంటూ ముత్తన్న పైనుంచి మొదలుపెట్టాడు.

మొదటి కాగితంలో ఆఫీసు బోరు నీళ్ళు తాగొద్దని ఉంది. ముత్తన్న వెంటనే లేచి రెండు డ్రమ్ముల నీళ్ళూ మోరీలో పారబోశాడు. రెండో కాగితం క్లర్కు పుష్పలతను బోధన్ శాఖకు బదిలీ చేసింది. బోధన్ ఆమె తల్లిగారి ఊరు. రెండేళ్ళ కింద ఇట్లాగే బదిలీ వచ్చి వారానికే రద్దయింది.

"మళ్ళ ఇచ్చిన్రా ముత్తన్నా? మొక్కులు ఊకెనే పోవు సూడు" అంటూ ఆమె బీరువా తాళాలు బల్ల మీద పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. రుచిత దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "పోయొస్త చెల్లె. మంచిగుండు."

"యాడికి అక్కా?" అని రుచిత అడిగేసరికి పుష్పలత మెట్లు దిగి, బోధన్ బస్సు కోసం ఆటో ఎక్కుతోంది.

రుచితకు విషయం అర్థమై లేచేలోపు ఆత్మారాం ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"దొరికింది! తూర్పు గోడ పక్క సరుకు పంపమన్నడు. నేను అనుకుంటనే ఉన్న. వెంకటికి చెప్పిన, లారీ నిండుతున్నది."

"తారీకు చూద్దాం సార్."

"మెయిల్ దొరికినంక తారీకెందుకు?"

రుచిత తెర మీద ఆ మెయిల్ తెరిచింది. అది నిరుటిది. ఆమె వేలు పెట్టి చూపిస్తే ఆత్మారాం కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత కుర్చీలో కూలబడి నీళ్ళడిగాడు. నీళ్ళు లేవు.

"వెంకటికి ఫోన్ చెయ్" అన్నాడు పొడి గొంతుతో. "లారీ నిండి కదిలిందేమో."

రుచిత చేసింది. ఆరు సార్లు మోగినాక వెంకటి ఎత్తాడు. కోపంగా ఉన్నాడు.

"మీ ఆఫీసుల ఎవరి మాట వినాలె నేను? సార్ నింపుమంటడు, ముత్తన్న ఆపుమంటడు. చైర్మన్ ఆర్డరంట, వేల్పూర్ నుంచి ఒక్క బండి కదలొద్దంట. లారీ గేటు కాడనే ఉన్నది. డ్రైవర్ నన్ను తిడుతున్నడు."

రెండేళ్ళ కింద లారీల సమ్మె రోజుల్లో చైర్మన్ పంపిన మెయిల్ అది. రుచిత గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది.

"ఆపే ఉంచు అన్నా. ఎంత తిట్టినా ఆపే ఉంచు."

ఆ తర్వాత ఆమె ముత్తన్న చేతిలోంచి కాగితాల కట్ట తీసుకుంది, ప్రింటర్ తీగ పీకింది. మూడేళ్ళ మెయిళ్ళలో సేటువి పదకొండు. పదకొండూ తెరిచింది. ఈ ఏటి సరుకు గురించి ఒక్కటీ లేదు. అంటే పూజనాడు పొద్దున్నే వచ్చి ఉంటుంది. వచ్చింది వచ్చినట్టే దులుపుడులో పోయి ఉంటుంది.

"నకలుల లేదు సార్" అంది. ఈసారి ఆమె గొంతు ఆఫీసంతా వినిపించింది.

"సేటుకే ఫోన్ చేస్త" అన్నాడు ఆత్మారాం. "ఇజ్జత్ నాది. పసుపు అరవై మందిది." ఫోన్ తీసి నంబరు వెతుకుతున్నాడు.

సరిగ్గా అప్పుడు తెర మీద ఒక కొత్త మెయిల్ వచ్చి కూర్చుంది. సాంగ్లి నుంచి. రుచిత ముందు తారీకు చూసింది, తర్వాత గడియారం చూసింది, ఆ తర్వాతే చదివింది. పండుగకు ముందే రాస్తానని చెప్పి మరిచిపోయానని, ఏమనుకోవద్దని, పడమటి గోడ పక్క సరుకు పంపమని సేటు రాశాడు. తూర్పు వైపుది వద్దని విడిగా ఒక వాక్యం కూడా ఉంది.

"అంటే..." అన్నాడు ఆత్మారాం.

"అసలు రానే లేదు సార్. మీరు చదివింది నిరుటిది."

లారీని ఖాళీ చేసి మళ్ళీ నింపమంటే వెంకటి అన్న మాటలు రుచిత ఎవరికీ చెప్పలేదు. పుష్పలతకు ఫోన్ చేస్తే ఆమె బోధన్‌లోనే ఉంది.

"ఈడ నా కుర్చీల ఎవరో కూసున్నరు చెల్లె. అప్పుడే అనుకున్న. పోనీ తియ్, మా అవ్వ అన్నం పెడుతున్నది, తినే వస్త."

ఒంటిగంట బస్సు పోయింది. రెండు గంటలకు లారీ వేల్పూర్ దాటిందని కబురు వచ్చాక ఆత్మారాం మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. ముత్తన్న పక్క దుకాణం నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి అందరికీ పోశాడు. రుచిత రెండు గ్లాసులు తాగింది.

అంతలో సేటే ఫోన్ చేశాడు. తన ఆలస్యం వల్ల పొద్దుటి నుంచి వాళ్ళకేమైనా ఇబ్బంది అయిందా అని అడిగాడు.

ఆత్మారాం గొంతు సవరించుకున్నాడు. "అయ్యో, ఫికర్ ఎందుకు సేట్. మీ మెయిల్ సంగతే మాకు యాదికి లేదు."