డెబ్బయ్యొక్క పరుగుల ముత్తాత

ఆ శుక్రవారం పొద్దున్న ఉమాకాంత్ పెట్టుకున్న పని ఒక్కటే. గ్రీన్ కార్డు కాగితం మీద మేనేజరు కోల్‌మన్ చేత సంతకం పెట్టించుకోవాలి. సోమవారం దాటితే గడువు పోతుంది, గడువు పోతే పెట్టేబేడా సర్దుకోవాలి. అప్పటికి అతను అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఉండబట్టి పదకొండేళ్ళు.

పెద్దవాళ్ళ దగ్గరికి పని మీద వెళితే ముందు వాళ్ళ వంశాన్ని పొగడాలని అతని నమ్మకం. కోల్‌మన్ గదిలో గుబురు మీసాల ముత్తాత ఫోటో ఉంది. కింద "1873, బేస్‌బాల్ పిచర్, మూడు ఆటలు, 71 పరుగులు" అని రాసి ఉంది. క్రికెట్ చూస్తూ పెరిగిన ఉమాకాంత్‌కి అంతకన్నా ఆధారం అక్కర్లేకపోయింది.

"మూడు ఆటల్లో డెబ్బయ్యొక్క పరుగులంటే మాటలు కాదు సార్," అన్నాడు.

కోల్‌మన్ అదోలా చూసి, "సంతకం మధ్యాహ్నం చూద్దాం," అన్నాడు.

ఆ చూపు ఆనందమే అనుకున్నాడు మన మహానుభావుడు. ఇంకాస్త సంతోషపెడదామని ఆఫీసు గ్రూపులో ఆ పరుగుల సంగతి పెట్టాడు. ఎవరో కేక్ తెప్పించారు. ఇంకెవరో డైరెక్టరుని పిలిచారు. భోజనాల వేళకి నీలి క్రీముతో 71 అని రాసిన కేక్ బల్ల మీదికి వచ్చేసింది.

పక్క సీటు చరిత అది చూసి అతన్ని మూలకి లాగింది.

"మా అమ్మాయి సాన్వి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది కదా, అదీ బేస్‌బాల్ లాంటిదే, నాకు తెలుసండీ. పిచర్ అంటే మన బౌలర్. ఆ రన్స్ ఆయన కొట్టినవి కాదు, ఇచ్చినవి."

"మూడు మ్యాచుల్లోనా?"

"నాలుగోదానికి పిలిచి ఉండరు."

"మరి ఫోటో ఎందుకు పెట్టుకున్నాడండీ?"

"వెళ్ళి అడుగుతారా?"

ఉమాకాంత్ గబగబా కేక్ దగ్గరికి వెళ్ళాడు. ప్లాస్టిక్ చాకుతో అంకెలు గీకడం మొదలుపెట్టాడు. ఏడు పోయి ఒకటి మిగిలేసరికి డైరెక్టరుతో కలిసి కోల్‌మన్ లోపలికి వచ్చాడు.

"తప్పైపోయింది సార్. ఆయన కొట్టాడనుకున్నాను," అన్నాడు ఉమాకాంత్.

కోల్‌మన్ వంగి కేక్ చూశాడు. "నూట యాభై ఏళ్ళలో మా ముత్తాతని ఒక్కరు కూడా మెచ్చుకోలేదు," అని కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు క్లయింట్‌తో మన ఆఫీసు బేస్‌బాల్ ఆట ఉంది. పిచర్‌గా నువ్వే ఆడాలి. సంతకం సోమవారం."

శనివారం ఉమాకాంత్ క్రికెట్ బౌలర్‌లా ఇరవై అడుగులు పరుగెత్తుకొచ్చి, నేల తాకకూడని ప్రతి బంతినీ నేలకేసి వేశాడు. పదకొండు నిమిషాల్లో అతన్ని తప్పించారు. అప్పటికి క్లయింట్‌కి ఇరవై ఆరు పరుగులు. ఆదివారమంతా అతను అటక మీది సూట్‌కేసులు దించుతూ కూర్చున్నాడు.

సోమవారం కోల్‌మన్ ఆ కాగితం చదివి సంతకం పెట్టాడు. ఈ ఉద్యోగానికి ఎంత వెతికినా ఈ మనిషి లాంటివాడు అమెరికాలో దొరకలేదని అందులో రాసి ఉంది.